సల్కాటా తాబేలు పిల్లని పెరట్లో వదలొచ్చా? ఎంతసేపు?

పలమనేరు_పెరడు:

అందరికీ నమస్తే. మాది పలమనేరు. మా ఇంట్లో ఒక తాబేలు పిల్ల ఉండాది, సల్కాటా అంటారే ఆఫ్రికా జాతి, అది. నక్షత్ర తాబేలు కాదు, ముందే చెప్పేస్తా ఉండా, లేకుంటే అందరూ దాని గురించే అడుగుతారని. మా మరిది బెంగళూరులో పెంచుకుంటా ఉండె, ఆయనకి బయటి దేశంలో పని దొరికి పోతా పోతా దీన్ని కాయితాలతో సహా మా చేతిలో పెట్టి పోయినాడు. ఏడాదిన్నర వయసు. నిన్న టేపు పెట్టి చూస్తే పెంకు పొడుగు 11 సెంటీమీటర్లు, వంటింటి కాటాలో 290 గ్రాములు తూగింది. మా పాప దానికి సంగటి అని పేరు పెట్టింది, కాళ్లు తల లోపలికి ముడుచుకుంటే అచ్చం రాగిముద్ద మాదిరే ఉంటాదని.

ఇన్నాళ్లూ హాల్లో అద్దాల తొట్టిలోనే ఉండె, పైన బల్బు. ఏప్రిల్, మేలో బయటికి తీయనే లేదు. ఇప్పుడు జూన్‌లో రెండు వానలు పడినాక బాగా చల్లబడింది, మధ్యాన్నం కూడా 31, 32 దాటడం లేదు, గాలి కూడా బాగా తోలతా ఉండాది, కింద చిత్తూరు ఎండకి కాలతా ఉన్నా మొగిలి ఘాట్ ఎక్కేసరికి మా తట్టు వేరేగా ఉంటాది కదా. ఇప్పుడన్నా దానికి రొంత మట్టి, రొంత ఎండ చూపిద్దామని నా ఆశ. ఆ అద్దానికి తల ఆనించి ఒకే మూల గీరతా ఉంటాది దినామూ, చూస్తా ఉంటే ప్రాణం ఒప్పడం లేదు.

మా ఆయన ఏమో అది ఎడారి జీవి, దానికి ఎండ ఏం చేస్తాది, పొద్దంతా వదిలెయ్ అంటాడు. మా అత్త ఏమో పసిబిడ్డ మాదిరి ఉండాది మాడిపోతాది వద్దు అంటాది. ఇద్దరిలో ఎవరి మాట వినేది? పెరడు ఇరవై అడుగులు పొడుగు, పదిహేను వెడల్పు ఉంటాది, సగం మట్టి, సగం సిమెంటు. కొబ్బరిచెట్టు, మందారం, కరివేపాకు, గోడ పొడుగునా గన్నేరు పూలచెట్లు ఉండాయి. పక్కింటి పిల్లి వస్తా పోతా ఉంటాది, కాకులు జాస్తి. మిద్దె మీద టబ్‌లో పెడితే పిల్లి భయం ఉండదేమో అని కూడా ఒక ఆలోచన. పెంచిన అనుభవం ఉన్నోళ్లు రొంత వివరంగా చెప్పండి.

మిద్దెతోట_తిరుపతి:

అక్కా, మిద్దె మీద టబ్ అన్నారు చూడండి, అది మాత్రం చెయ్యొద్దు. నేను చేసినాను కాబట్టి చెప్తున్నా.

2021లో నా దగ్గర మీ దానికన్నా చిన్నది ఉండేది, అరచేతిలో పట్టేది. ఆగస్టు నెల, పొద్దున తొమ్మిదిన్నర, మబ్బు పట్టి ఉంది, తిరుపతిలో అంత మెత్తటి పొద్దు దొరకడమే కష్టం, ఎండే లేదు కదా అని నీలం ప్లాస్టిక్ టబ్‌లో రెండు చేతుల మట్టి పోసి దాన్ని అందులో పెట్టి పిట్టగోడ నీడలో పెట్టినాను. స్నానం చేసి వస్తుంటే ఫోన్ వచ్చింది. మొత్తం నలభై నిమిషాలు. ఈలోపల మబ్బు తేలిపోయింది, నీడ గోడ దగ్గరికి జరిగిపోయింది, టబ్ పూర్తిగా ఎండలో ఉంది. నేను వెళ్లేసరికి నాలుగు కాళ్లూ బయటికి చాపేసి, నోరు తెరిచి, నోటి చుట్టూ నురగ. పెంకు మీద చెయ్యి పెడితే దోసెపెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. టబ్ నున్నటి గోడ నిండా గోళ్ల గీతలు, ఎక్కడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో పాపం. కంగారులో ఫ్రిజ్ నీళ్లు తెచ్చి పోసేసినాను, అది ఇంకో తప్పని తర్వాత తెలిసింది. సాయంత్రానికి పోయింది.

ఆ రోజు పేపర్లో తిరుపతి 33 డిగ్రీలు అని వేసినారు. 33కి తాబేలు చావదు. కానీ ఆ 33 నీడలో గాలికి కొలిచింది. టబ్‌లో గాలి ఆడదు, ప్లాస్టిక్ కాగుతుంది, కింద మిద్దె సిమెంటు ఇంకా కాగుతుంది, మనకి మోకాళ్ల ఎత్తులో హాయిగా ఉన్నప్పుడు కూడా నేలకి రెండు అంగుళాల ఎత్తులో దాని ప్రపంచం వేరే. అందుకే ఎప్పుడు వదిలినా మీ అరచెయ్యి నేల మీద పెట్టి పదిదాకా లెక్కపెట్టండి, మీరు పెట్టలేకపోతే అది కూడా ఉండలేదు. అద్దాల తొట్టిని బయట ఎండలో పెట్టడం కూడా ఇంతే, ఎండలో అద్దాలెత్తి ఆపిన కారు మాదిరి.

ఇప్పుడున్నది రెండోది, ఐదేళ్లది, నేల మీదే దొడ్డి కట్టినాను. బాగుంది.

శేషాచలం_నడక:

కాయితాలు ఉన్నాయన్నారు, మంచిది. ఒక్క సంగతి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో మీ మరిది పేరు మీద ఉంటే సరిపోదు, జంతువు చేతులు మారినప్పుడు ఆ సంగతి కూడా పోర్టల్లో చూపించాలి. 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం బయటి దేశాల జాతుల్లో సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) జాబితాలో ఉన్నవన్నీ రిజిస్టర్ చెయ్యాలి, సల్కాటా ఆ జాబితాలోదే. ఆయన విదేశంలో ఉన్నా ఆన్‌లైన్లో చెయ్యొచ్చు, లేటు చేయకండి.

పలమనేరు_పెరడు:

మిద్దెతోట తమ్ముడూ, చదువుతా ఉంటే కళ్లల్లో నీళ్లు వచ్చినాయి. టబ్ ఆలోచన ఇంక లేదు, మా పాపకి కూడా చదివి వినిపించినా. కాయితాల సంగతి ఈ రాత్రికే మరిదికి ఫోన్ చేస్తా, చెప్పినందుకు సంతోషం అన్నా.

పశువైద్యం_తిరుపతి:

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. మీ అత్తగారి మాటలో సగం, మీ ఆయన మాటలో సగం నిజం ఉంది మేడమ్.

సల్కాటా సహారా ఎడారికి దక్షిణం అంచున ఉండే సాహెల్ ప్రాంతానిది, అది నిజమే. కానీ అక్కడ కూడా మిట్టమధ్యాహ్నం అది ఎండలో తిరగదు, నేలలో బొరియ తవ్వుకుని లోపలికి పోయి ఉంటుంది. ఆ బొరియలో చల్లగానూ, పైకన్నా తేమగానూ ఉంటుంది. పిల్లలైతే ఇంకా దాక్కునే ఉంటాయి. ఎడారి జీవి అని మనం దాన్ని ఎండలో పెడితే బొరియ లేని ఎడారిలో వదిలినట్టు. దానికి ఒంట్లో వేడి పుట్టదు, చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్లు అంతకి పోతుంది, చెమట పట్టదు. ఎండలోకి రావడం, నీడలోకి పోవడం, ఈ రెండే దాని చేతిలో ఉన్నవి. మనం చేయాల్సిందల్లా ఆ రెండూ నాలుగడుగుల్లో దొరికేలా పెట్టడం. ఎంతసేపు ఎండలో ఉండాలో అదే చూసుకుంటుంది, ఉండే చోటు సరిగ్గా ఉంటే.

ఎండ కాసే మూల 35 నుంచి 38 దాకా ఉండొచ్చు, నీడ మూల 26 నుంచి 29 లోపల ఉండాలి. రెండు చిన్న థర్మామీటర్లు కొని నేలకి ఆనించి రెండు మూలలా పెట్టండి, ఫోన్లో వాతావరణం చూడకండి. మీ ఊరి జూన్ ఎండకి పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వదలొచ్చు. మొదటి వారం మాత్రం రోజుకి గంట చాలు, అది కూడా మీరు పక్కనే కూర్చుని. రాత్రి లోపలే. మీ ఊర్లో జూన్ రాత్రులు చల్లబడతాయి, దానికి తోడు నేల తడి, ఇంత చిన్నదానికి చలీ తడీ కలిస్తే న్యుమోనియా వస్తుంది. ముక్కులో బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, మెడ చాపి గురగురమనడం, ఇవి కనిపిస్తే ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే డాక్టరుకి చూపించండి.

బయట ఎండ ఎందుకు అవసరం అంటే యూవీబీ కోసం, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల కోసం. దాంతోనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, అది లేకుంటే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, పెంకు మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు, అంటే అద్దం వెనక ఎంతసేపు కూర్చోబెట్టినా వెచ్చదనమే తప్ప ఆ పని జరగదు. మామూలు బల్బు కూడా వేడే ఇస్తుంది. మీ బల్బు ఏ రకమో ఒకసారి పెట్టె మీద చూడండి. అందుకే బయటికి తీయాలనుకోవడం చాలా మంచి ఆలోచన, భయపడి మానేయకండి.

ఇంకోటి నీళ్లు. ఈ వయసులో అవి ఎండ కన్నా ఎక్కువగా నీళ్లు చాలక దెబ్బతింటాయి. బయటికి వదిలే ముందు రోజూ గోరువెచ్చటి నీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, నీళ్లు గడ్డం కిందకి రావాలి, అంతే. అందులోనే తాగుతుంది, అందులోనే ఒంటికి రెంటికి పోతుంది. అప్పుడు తెల్లగా ఒకటి వస్తుంది చూడండి, అది పెరుగు మాదిరి మెత్తగా ఉంటే బాగున్నట్టు, వేళ్ల మధ్య ఇసుక మాదిరి గరగరలాడితే నీళ్లు చాలట్లేదని. గ్లవ్స్ వేసుకుని చూడండి, తర్వాత సబ్బుతో చేతులు కడగండి, మీ పాపకి కూడా ఇది గట్టిగా చెప్పండి, తాబేళ్ల మీద సాల్మొనెల్లా అనే వాంతులు, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, జబ్బు లేకపోయినా ఉంటుంది.

మీ మాటలో నన్ను భయపెట్టింది ఎండ కాదు, గన్నేరు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, ఎండి రాలిన ఆకులో కూడా విషం పోదు, గుండె మీద పని చేస్తుంది. తాబేలు రంగున్న పువ్వు కనిపిస్తే ముందు నోట్లో పెట్టుకుని తర్వాత ఆలోచిస్తుంది. ఆ గోడ వైపు అసలు వద్దు. గాలికి ఎగిరి వచ్చే ఆకులు కూడా రోజూ ఏరేయండి.

కుప్పం_మల్బరీ:

అమ్మా, డాక్టరు తమ్ముడు చెప్పినాడు, నేను దొడ్డి కట్టే విధం చెప్తా. మాది కుప్పం పక్క, మల్బరీ తోట, పట్టుపురుగులు మేపుతాం, మా ఇంట్లో ఆరేళ్లుగా సల్కాటా ఉండాది, ఇప్పుడు ఎత్తాలంటే నడుం పట్టుకోవాల.

మీ పిల్లకి నాలుగడుగులు ఇంటూ ఆరడుగులు చాలు ఇప్పటికి. సిమెంటు వైపు కాకుండా మట్టి వైపు, పొద్దున ఎండ పడి మధ్యాన్నం కొబ్బరిచెట్టు నీడ పడే చోటు చూడండి, ఒక దినం ఊరికే ముగ్గుపిండితో గీత గీసి గంటగంటకీ నీడ యాడ ఉండాదో చూసుకోండి, పని మొదలుపెట్టేది ఆమైనే. గోడలకి ఎర్ర ఇటుకలు కానీ హాలో బ్లాకులు కానీ పేర్చండి, అడుగున్నర ఎత్తు. భూమిలో కూడా ఒక వరస దించాల, ఎందుకంటే అది తవ్వే జాతి, ఇప్పుడు చిన్నదైనా గోళ్లు చూడండి ఎట్లుంటాయో. గోడకి జాలీ మాత్రం పెట్టొద్దు. అవతల కనిపిస్తా ఉంటే అది పొద్దంతా ఆ జాలీకి తల పొడుస్తా అటే పోవాలని చూస్తాది, ముక్కు పుండు పడతాది. మీ అద్దాల తొట్టిలో మూల గీరతా ఉందన్నారే, అదీ ఇదే, అద్దం అనేది దానికి అర్థం కాదు. ఇప్పటికి అద్దానికి బయట నాలుగు వైపులా గోధుమరంగు కాయితం అంటించి చూడండి, రెండు దినాల్లో నెమ్మదిస్తాది.

పైన మాత్రం జాలీ కావాల. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, చెక్క ఫ్రేముకి కొట్టించి మూత మాదిరి చేయించండి, గొళ్లెం పెట్టండి. కాకిని తక్కువ అంచనా వేయొద్దమ్మా. పిల్ల తాబేలు పెంకు ఇంకా గట్టిపడి ఉండదు, కాకి కాళ్లతో వెల్లకిలా తిప్పి పొడుస్తాది. మా తట్టు ముంగిసలు, పందికొక్కులు కూడా ఉండాయి, మీకూ ఉంటాయి. పెంపుడు కుక్క ఉంటే ఎంత సాధువైనా దాన్ని ఒంటరిగా వదలొద్దు, దానికి అది బొమ్మ, నమిలేస్తాది.

లోపల ఏం పెట్టాలంటే, ఒక పాత మట్టికుండ, మూతి పగిలిందైనా పరవాలేదు, అంచులు రాయితో రుద్ది నున్నగా చేసి, పడుకోబెట్టి సగం భూమిలో పూడ్చండి. అదే దాని బొరియ. లోపల తిరుక్కునేంత వెడల్పు ఉండాల, లేకుంటే దూరి ఇరుక్కుంటాది. అడుగున కొబ్బరిపీచు పొడి తడిపి పిండి పరచండి, పైన గోనెసంచి తడిపి కప్పండి. నీళ్ల తొట్టి అనుకుని లోతు గిన్నె పెట్టొద్దు, పూలకుండీల కింద పెట్టే మట్టి పళ్లెం ఉంటాది కదా, దాన్ని నేలకి సమంగా పూడ్చి పెట్టండి, నడుస్తా అందులోకి పోవాల, నడుస్తా బయటికి రావాల. నిట్రంగా నిలబడే రాళ్లు వద్దు, ఎక్కి వెల్లకిలా పడితే ఎండలో తిరగబడలేక అట్లే పోతాది.

మేత సంగతి. గరిక కసువు, మందారం ఆకు, పువ్వు, మల్బరీ ఆకు, ముళ్లు గీకేసిన నాగజెముడు. మునగాకు ఎప్పుడన్నా కొంచెం. పాలకూర వద్దు. టమాటా, అరటిపండు, మామిడి దీని జాతికి పడవు, ఇది కసువు తినే కడుపు. పెరుగన్నం, చపాతీ పెట్టేవాళ్లని చూసినా, దయచేసి పెట్టొద్దండి. మల్బరీ ఆకు మీ తట్టు కూడా దొరుకుతాది, తోట వాళ్లని అడిగి మందు కొట్టి ఎన్నాళ్లయిందో కనుక్కుని తీసుకోండి, పురుగులకి వేసే ఆకు అయితే మాకే భయం, జాగ్రత్తగా ఉంటాం, కానీ పక్క పొలం టమాటాకి కొట్టిన మందు గాలికి వచ్చి పడతాది. కాల్షియానికి మూలికల అంగట్లో సముద్రపు నురుగు అని అమ్ముతారు, పంజరం పిట్టలకి పెట్టేది కూడా అదే, ఒక ముక్క దొడ్డిలో పడేయండి, కావాల్సినప్పుడు కొరుక్కుంటాది.

మిద్దెతోట_తిరుపతి:

కుండ ఐడియా వంద శాతం పని చేస్తుంది, నాదీ అదే. పైన మెష్ మీద సగం భాగానికి కొబ్బరిమట్ట అల్లిక కట్టండి, ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. గ్రీన్ నెట్ కడితే గట్టిగా లాగి కట్టండి, వేలాడే దారాలు కాళ్లకి చుట్టుకుంటాయి, కొరికి మింగేస్తాయి కూడా.

పశువైద్యం_తిరుపతి:

కుప్పం అన్న చెప్పిన తడి కొబ్బరిపీచు గురించి ఒక మాట కలుపుతా. చాలామంది పెంచే సల్కాటాల పెంకు మీద గుబ్బలు గుబ్బలుగా లేస్తాయి చూసే ఉంటారు. ప్రోటీన్ ఎక్కువైతే అట్లా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు సల్కాటా పిల్లల మీదే పరీక్ష చేసి చూస్తే తేమ తక్కువైన చోట గుబ్బలు ఎక్కువగా వచ్చాయి, ప్రోటీన్ ప్రభావం చాలా కొంచెం. మీ ఊరి గాలి జోరుగా వీస్తుంది కదా, ఆ గాలికి దొడ్డి ఇట్టే ఎండిపోతుంది. కాబట్టి దొడ్డి అంతా తడి కాదు, కుండ లోపల మాత్రం తడి.

ఒకవేళ ఎప్పుడైనా వేడి తగిలిందనిపిస్తే, నోరు తెరవడం, నురగ, పిచ్చిపట్టినట్టు పరుగులు, తర్వాత కదలకుండా చాపేయడం, వెంటనే నీడకి తెచ్చి మామూలు నీళ్లలో, కుళాయి నీళ్లలో గడ్డం దాకా కూర్చోబెట్టండి. ఐసు, ఫ్రిజ్ నీళ్లు వద్దు, మెల్లగా దిగాలి వేడి. అక్కడినుంచి నేరుగా డాక్టరు దగ్గరికి. తిరుపతి దాకా రాగలిగితే మా కాలేజీ ఆసుపత్రికి తీసుకురండి.

చిత్తూరు_పల్లెటూరు:

ఇదంతా చదివినాక అడగాలనిపించింది. మా మేనమామ రెండేళ్ల కిందట చేను దగ్గర ఒకటి దొరికితే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు, తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తాదని. నల్ల పెంకు మీద పసుపు గీతలు, నక్షత్రాల మాదిరి. దానికీ ఇట్లే దొడ్డి కడితే బాగుంటాదా? ఇప్పుడు బకెట్‌లో ఉంటాది, అన్నం వేస్తారు.

పశువైద్యం_తిరుపతి:

అన్నా, అది నక్షత్ర తాబేలు. మన రాయలసీమ పొదల్లో పుట్టి పెరిగే జాతి, ఇంట్లో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేసి దాన్ని మొదటి షెడ్యూల్లోకి తెచ్చారు, పులికి ఎంత రక్షణో దానికీ అంతే, మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు ఉంది. అంతర్జాతీయంగా కూడా 2019లో వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలోకి పోయింది, అంతగా దొంగరవాణా అవుతోంది కాబట్టి. కలిసొస్తుందని నమ్మి తెచ్చుకునే ఇళ్లే ఆ దొంగలకి బేరం.

మీ మామయ్యని తిట్టడానికి చెప్పట్లేదు, పాతకాలం వాళ్లకి తెలియదు. దగ్గర్లో ఉన్న ఫారెస్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి మా దగ్గర ఉంది, అప్పగిస్తాం అని చెప్పండి. మీరే తీసుకెళ్లి గుట్టలో వదిలేయొద్దు, రెండేళ్లు బకెట్‌లో అన్నం తిన్నది, జబ్బు ఉంటే అక్కడున్న వాటికి అంటుకుంటుంది, దానికీ మేత వెతుక్కునే ఓపిక ఉందో లేదో చూడాలి. అప్పగించే దాకా బకెట్‌లోంచి తీసి నేల మీద నీడలో పెట్టండి, అన్నం ఆపి గరిక వేయండి, గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి కూర్చోబెట్టండి. ఈ రోజే చేయండి అన్నా.

చిత్తూరు_పల్లెటూరు:

సరే తమ్ముడూ. మామతో మాట్లాడినా. మొదట రొంత బాధపడినాడు, ఆయనకి దాని మీద పాశం ఉంది. రేపు పొద్దున నేనే ఆయన్ని తోడు తీసుకుని పోతా.

పలమనేరు_పెరడు:

పది దినాల తర్వాత రాస్తా ఉండాను, అందరికీ చెప్పాలని. గన్నేరు చెట్లు మొత్తం కొట్టించేసినాం, మా అత్త పూజ పూలు పోతాయని రొంత అలిగింది గానీ విషం అని తెలిసినాక ఆమే కూలి మనిషిని పిలిపించింది. ముగ్గుపిండితో గీత గీసి చూసినాం, నేను నీడ అనుకున్న చోట పదకొండుకే నిలువుటెండ పడతా ఉండాది, మందారం పక్కనే సరైన చోటు అని అప్పుడు తెలిసింది. ఇటుకలు మా ఆయనే పేర్చినాడు. మూత వెల్డింగ్ షాపులో చేయించినాం.

మొదటి దినం దించగానే పావుగంట కదలనే లేదు. కళ్లు మూస్తా తెరుస్తా ఉండె. ఆమైన ముందు కాలు ఒకటి ఎత్తి, మట్టిని తొక్కి చూసి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి, అట్లా నాలుగడుగులు వేసి ఆగింది. రాలిన మందారం పువ్వు ఒకటి కనబడింది, దాని వాసన చూసి రెక్క అంచు కొరికి లాగింది, పువ్వు అంతా దాని మొహం మీద పడింది, మా పాప కేక పెట్టబోయి నోరు చేత్తో మూసుకుంది. తొమ్మిదిన్నరకి ఎండ మూల థర్మామీటర్ 36 చూపించేటప్పటికి దానంతట అదే కుండలోకి పోయింది, ఎవరూ చెప్పలేదు. కుండ లోపల 27 ఉండె. మా ఆయన ఆ రెండు అంకెలూ చూసి ఇంక ఎడారి మాట ఎత్తడం మానేసినాడు.

ఒకటే సమస్య. దొడ్డి మూల ఎర్రచీమల పుట్ట బయటపడింది. చీమలమందు వేయొచ్చా? మొన్నటి నుంచి సంగటిని బయటికి తీయడం ఆపి పెట్టినాం.

కుప్పం_మల్బరీ:

ఆపి మంచిపని చేసినారు. మందు వద్దు, పొడి కానీ చాక్‌పీసు గీత కానీ ఏదీ వద్దు, మట్టి నాకే జంతువు అది. మరగకాచిన నీళ్లు పుట్టలో పోయండి, రెండు మూడు దినాలు వరసగా, సంగటి లోపల ఉన్నప్పుడే. మిగిలిన మేత సాయంత్రానికల్లా తీసేయండి, వాడిన ఆకుకే చీమలు చేరేది. వానలు గట్టిగా పడేటప్పుడు కుండలోకి నీళ్లు చేరకుండా మూతి వైపు రొంత వాలు పెట్టండి. ఇంకో మాట, డిసెంబర్ చలికి ఇది నిద్రపోయే జాతి కాదు, లోపల వెచ్చగా పెట్టి దినామూ మేపాల్సిందే, దానికి ఇప్పటినుంచే ఒక గది మూల చూసిపెట్టుకోండి. రెండు మూడేళ్లకి ఆ నాలుగడుగులు చాలవు, మీ పెరడు మొత్తం దానిదే అయిపోతాది, పెద్దదైతే నలభై కిలోలు దాటేస్తాది.

పలమనేరు_పెరడు:

నీళ్లు రెండు దినాలు పోసినాం అన్నా, ఈ పొద్దు చీమ ఒక్కటి కూడా లేదు. పొద్దున ఎనిమిదికి దించినాం, ఇప్పుడు గరిక పీకతా ఉండాది. కాటాలో 304 చూపించింది.